మిగిలిన అన్నం, ఉడికిన గింజలు: మన గిన్నె వెనక ఉన్న చరిత్ర



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. తీరిక ఉన్నప్పుడు చదవండి. చివర్లో ఒక వంట కూడా రాశాం. దానికి పది నిమిషాలు చాలు. కానీ ఆ వంట దగ్గరికి రావాలంటే ముందు మన కొండల మీద ఏం పండేదో, అది మన గిన్నెలోంచి ఎలా పోయిందో చెప్పుకోవాలి.

మా హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. ఒకరిది చింతపల్లి వైపు, ఒకరిది పెదబయలు, ఒకరిది అనంతగిరి, ఇంకొకరిది జి.మాడుగుల. ఒక ఆదివారం రాత్రి మేం మెస్‌కి వెళ్ళేసరికి కూర అయిపోయింది. అన్నం ఉంది. సాయంత్రం పెట్టిన శనగ గుగ్గిళ్ళు గిన్నె అడుగున కాసిన్ని మిగిలాయి. రెండూ గదికి తెచ్చుకుని, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరపకాయ కోసి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి కలిపాం. అందరం ఒకే గిన్నెలో తిన్నాం. బాగుంది.

తింటుంటే ఒకడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఏదో పెద్ద ఊరి హోటల్లో 'మిల్లెట్ సలాడ్' అంట. సామల అన్నం, ఉడికించిన రాజ్మా, ఉల్లి, కొత్తిమీర, నిమ్మరసం. దాని ధరతో మేం నలుగురం ఒక రోజంతా తినొచ్చు. ముందు బాగా నవ్వుకున్నాం. తర్వాత పెదబయలు మిత్రుడు అన్నాడు: "ఇది మా అమ్మమ్మ పోడుకి అడ్డాకులో కట్టుకెళ్ళేది కదరా." మిగతా ముగ్గురికీ కూడా అదే గుర్తొచ్చింది. రాజ్మా బదులు కందులో బొబ్బర్లో ఉండేవి. నిమ్మకాయ బదులు చింతపండో, పచ్చి మామిడికాయో. అంతే తేడా.

మరి అది మన ఇళ్ళలోంచి ఎప్పుడు పోయింది? ఎందుకు పోయింది? నలుగురిలో ఎవరికీ జవాబు తెలీదు. సంక్రాంతి సెలవులకి ఊళ్ళకి వెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడిగాం. తిరిగొచ్చాక లైబ్రరీలో దొరికినవి చదివాం. మాకు అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాం. తప్పులుంటే సీనియర్లు, పెద్దలు సరిచేయండి.

గింజ, పప్పు కలిసే వచ్చాయి

మన తిండి అంటే మొదట్నుంచీ వరి అన్నమే అని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ దక్షిణాదిలో మొదట వ్యవసాయం చేసినవాళ్ళు వరితో మొదలుపెట్టలేదు. కర్ణాటకలో బళ్ళారి దగ్గర సంగనకల్లు లాంటి చోట్ల, ఆ చుట్టుపక్కల కొత్తరాతియుగం ఊళ్ళలో తవ్వకాలు జరిగాయి. అక్కడ మట్టిలో మాడిపోయి మిగిలిన గింజల్ని డోరియన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు పరిశీలించారు. 4 వేల ఏళ్ళ నాటి ఆ గింజల్లో ముఖ్యంగా కనిపించినవి ఏంటంటే అండుకొర్రల లాంటి చిరుధాన్యాలు, వాటితో పాటు ఉలవలు, పెసలు.

ఇది చదివినప్పుడు మాకు భలే అనిపించింది. ఒక చిన్న గింజ, దాని పక్కన ఒక పప్పు గింజ. అంత పాతకాలంలోనే ఈ జత ఉంది.

కందుల సంగతి మనకి ఇంకా దగ్గరిది. కందికి దగ్గరి చుట్టమైన అడవి కంది మొక్క తూర్పు కనుమల్లో, ఒడిశా, బస్తర్ కొండల్లో ఇప్పటికీ సహజంగా పెరుగుతుంది. అందుకే కంది సాగు మొదలైంది ఈ చుట్టుపక్కలే అయి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఈ రోజు దేశమంతా తినే పప్పు మన అడవి పక్కనే పుట్టిందన్నమాట. సామలు కూడా మన దేశంలో పుట్టిన గింజే.

అలాగని మన పోడులో ఉన్నవన్నీ ఇక్కడ పుట్టినవే అని కాదు. చోళ్ళు తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చాయి. జొన్నలు, బొబ్బర్లు కూడా ఆఫ్రికావే. మొక్కజొన్న, రాజ్మా, గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. ఇప్పుడు చింతపల్లి రాజ్మా అని సంతలో పేరు పెట్టి అమ్ముతున్నాం కదా, అదీ ఒకప్పుడు వలస వచ్చిన గింజే. మన పెద్దోళ్ళు కొత్త గింజ వస్తే తరిమేయలేదు. పోడులో ఒక మూల చోటిచ్చి, పండుతుందో లేదో చూసుకుని ఉంచుకున్నారు. "మన తిండి" అంటున్నప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలి.

ఒకే పోడులో పది రకాలు

మా జి.మాడుగుల మిత్రుడి తాతకి 70 దాటాయి. ఆయన చిన్నప్పటి పోడు గురించి అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. సామలు, చోళ్ళు, కొర్రలు, జొన్నలు, గంటెలు, కందులు, బొబ్బర్లు, ఉలవలు, వలిసెలు, చిక్కుడు, గుమ్మడి. "ఇవన్నీ వేరు వేరు పొలాలా తాతా?" అని అడిగితే నవ్వాడు. "వేరు పొలాలు ఎక్కడివిరా, ఒకటే కొండ చెక్క" అన్నాడు.

ఈ పద్ధతిలో పెద్ద లెక్క ఉంది. అన్నీ ఒకేసారి చేతికి రావు. కొర్రలు, సామలు ముందు వస్తాయి. చోళ్ళు తర్వాత. కందులు అన్నిటికంటే ఆలస్యంగా, పుష్య మాసానికి. అంటే నెలల తరబడి కొంచెం కొంచెంగా తిండి ఇంటికి వస్తూనే ఉంటుంది. వాన తక్కువై ఒక పంట పోతే ఇంకొకటి నిలబడుతుంది. కంది వేరు లోతుకి పోతుంది, సామ వేరు పైపైనే ఉంటుంది. రెండూ నీళ్ళ కోసం కొట్టుకోవు. కంది, బొబ్బర్లు, ఉలవల లాంటి పప్పుజాతి మొక్కల వేర్ల మీద బుడిపెలుంటాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. ఆ ఆకు, వేరు మట్టిలో కుళ్ళితే తర్వాతి పంటకీ బలం. ఇది మేం ఇంటర్‌లో బోటనీ పాఠంలో చదివాం. మా తాతలు యూరియా బస్తా చూడకముందే చేశారు.

పండుగలు కూడా ఈ వరసలోనే ఉన్నాయి. మన దగ్గర కొర్ర కొత్త వేరు, కంది కొత్త వేరు. శ్రీకాకుళం, మన్యం వైపు సవరలు, జాతాపులు కూడా కందికొత్తలు చేసుకుంటారు. కొత్త పంట దేవతకి పెట్టకముందు ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. కానీ ఆలోచిస్తే, పచ్చిగా ఉన్నప్పుడే కోసేయకుండా, గింజ ముదిరి విత్తనానికి పనికొచ్చేదాకా ఆగేలా చేసింది కూడా ఆ కట్టుబాటే అనిపిస్తుంది. గింజకీ, పప్పుకీ వేరు వేరుగా పండుగ ఉందంటే రెండిటికీ సమానమైన గౌరవం ఉన్నట్టే.

పొలంలో కలిసి పెరిగినవి గిన్నెలో కూడా కలిశాయి. అక్కడ్నుంచే మన వంట వచ్చింది.

చద్ది మూట

పోడు పని తెల్లారకముందే మొదలవుతుంది. కట్టెలు, నీళ్ళు, పిల్లలు, కొండెక్కడం. పొద్దున్నే కూర్చుని వండే తీరిక ఆడోళ్ళకి ఎక్కడిది? అందుకే రాత్రి ఎక్కువ వండేవాళ్ళు. మిగిలిన సామ అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే పొద్దుటికి కాస్త పులిసేది. చోడి అంబలి సొరబుర్రలో పోసుకుని వెళ్ళేవాళ్ళు. పులిసిన అన్నంలో నీళ్ళు వార్చి, పొద్దున పొయ్యి మీద ఉడికించిన కందులో, బొబ్బర్లో కలిపి, ఉప్పు, మిరపకాయ, పులుపు ఏదుంటే అది నలిపి అడ్డాకులో కట్టేవాళ్ళు. మా అనంతగిరి మిత్రుడి నానమ్మ అయితే వేయించిన వలిసెల పొడి చల్లేదంట. నూనె కొనకుండానే నూనె రుచి వచ్చేది.

దీనికి మా ఇళ్ళలో పేరేంటని అడిగితే ఎవరూ ఒక పేరు చెప్పలేదు. "మిగిలింది కలుపుకోవడం" అన్నారు. పేరు లేదు కాబట్టి ఏ వంటల పుస్తకంలోనూ రాలేదు.

ఇక్కడ ఒక మాట. మిగిలిన తిండి తినడం తెలుగు దేశంలో ఎప్పుడూ తక్కువ పని కాదు. "పెద్దల మాట చద్ది మూట" అని సామెతే ఉంది. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలకులతో కూర్చుని చల్దులు తినే ఘట్టం తెలుగు పాఠాల్లో గొప్పగా చెప్పుకుంటాం. మైదానంలో చద్దికి అంత గౌరవం ఉన్నప్పుడు మన సొరబుర్ర అంబలికి ఎందుకు లేకపోయింది? దీని దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఆరోగ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాం. మన ఒంట్లో కండ తయారవడానికి ప్రొటీన్ కావాలి. ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలని చిన్న చిన్న ముక్కలుంటాయి. ధాన్యంలో లైసిన్ అనే ముక్క తక్కువ. పప్పుల్లో అది బాగా ఉంటుంది, కానీ మెథియోనిన్ తక్కువ. ధాన్యంలో మెథియోనిన్ సరిపడా ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. ఇక చోళ్ళ విషయం. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అదే పాలిష్ పట్టిన తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు అటూ ఇటూ. ఉలవల్లో, కందుల్లో నూటికి 20 పాళ్ళ పైన ప్రొటీన్. మన వాళ్ళు ఈ లెక్కలు తెలిసి తినలేదు. పొలంలో ఉన్నది తిన్నారు. పొలం సరిగ్గా ఉంది కాబట్టి తిండీ సరిగ్గా ఉంది.

పొలం మీద పడిన దెబ్బ

మరి ఆ పొలం ఏమైంది?

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు ఫారెస్టుగా ప్రకటించే అధికారం సర్కారుకి వచ్చింది. అంతకుముందు తాతల కాలం నుంచి ఒక కొండ కొట్టుకుని, రెండు మూడేళ్ళు సాగు చేసి, దాన్ని వదిలి ఇంకో కొండకి వెళ్ళి, అడవి మళ్ళీ పెరిగాక తిరిగి వచ్చేవాళ్ళు. గీత గీసి ఇటు మీది, అటు సర్కారుది అనగానే ఆ తిరుగుడు ఆగిపోయింది. ఉన్న చిన్న చెక్కలోనే ఏటా వేయాలి. విశ్రాంతి లేని మట్టి సారం పోగొట్టుకుంటుంది. పది రకాలు పండిన చోట నాలుగు కూడా కష్టమవుతుంది.

మన్యం తిరుగుబాట్లని మనం వీరుల కథలుగానే వింటాం. వాటి అడుగున తిండి ఉందని అంతగా గమనించం. 1879 రంప తిరుగుబాటుకి ముఖ్య కారణాల్లో ఒకటి కల్లు మీద వేసిన చిగురుపన్ను. జీలుగు, తాటి చెట్లు మనకి ఒక్క కల్లు కోసమే కాదు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు మానులోని పిండి తిని బతికిన కుటుంబాలున్నాయి. పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య ఉండి, 1945లో వాళ్ళ మీద పుస్తకం వేసిన హైమెండార్ఫ్ కూడా జీలుగు పిండి గురించి రాశారు.

1922లో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర నాయకత్వంలో మొదలైన పోరాటానికి కూడా రెండు పెద్ద కారణాలు ఇవే: పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించినప్పుడు మన వాళ్ళకి కూలి సరిగ్గా ఇవ్వకుండా పని చేయించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. అది ఆగస్టు నెల. ఆ నెలలోనే పోడులో కలుపు తీయాలి, కాపలా కాయాలి. పొలంలో ఉండాల్సిన మనుషులు ఆ టైంలో స్టేషన్ల మీదికి వెళ్ళారంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో ఆలోచించండి.

1924 మే 7న సీతారామరాజుని కాల్చి చంపారు. పోరాటం అణిగింది. అటవీ చట్టం అలాగే ఉండిపోయింది. మన సాగుకి చట్టంలో ఒక హక్కు అంటూ రాయడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పట్టా కాగితాల కోసం ఇంకా తిరుగుతున్న కుటుంబాలు ఈ గ్రూపులోనే ఉన్నాయి.

గింజ సంతకి పోయింది, బియ్యం ఇంటికి వచ్చింది

రోడ్డు వేశాక షావుకార్లు కొండెక్కారు. ఉప్పు, బట్ట, కిరసనాయిలు అప్పుగా ఇచ్చి, పంట చేతికొచ్చినప్పుడు కందులు, వలిసెలు పట్టుకుపోయేవాళ్ళు. ఈ దోపిడీ తగ్గించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ, విశాఖపట్నంలో మొదలైంది. దానివల్ల మేలు జరిగింది, కాదనం. కానీ ఒక మార్పు మాత్రం ఆగలేదు. పప్పు గింజ తినేదిగా ఉండటం తగ్గి, అమ్మేదిగా మారింది. రేటు వచ్చేది దానికే కదా. ఈ రోజుకీ మా ఊళ్ళలో ఇదే. రాజ్మా పండిస్తాం, సంతలో అమ్మేస్తాం, ఇంట్లో చారు అన్నం తింటాం. తర్వాత కాఫీ, మిరియాలు వచ్చాయి. చేతిలో డబ్బు ఆడింది. అది కూడా మంచిదే. మా నలుగురిలో ఇద్దరి కాలేజీ ఫీజు కాఫీ డబ్బే. కానీ కాఫీ తోట కింద సామలు పండవు.

ఆ తర్వాత 1983. ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. దీని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. ఈ మధ్య కొంతమంది వీడియోల్లో "రేషన్ బియ్యం మన ఆరోగ్యాన్ని పాడుచేసింది, పాతకాలమే బంగారం" అని చాలా తేలిగ్గా అనేస్తున్నారు. ఆ మాట మా జి.మాడుగుల తాత ముందు అంటే ఆయనకి కోపం వచ్చింది. "ఆషాఢం, శ్రావణం నెలల్లో మామిడి టెంక జావ తాగినోడిని నేను. నువ్వు తాగావేంట్రా?" అన్నాడు. మాకు మాట రాలేదు.

టెంక జావ అంటే మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి, పిండి చేసి కాచుకునేది. సరిగ్గా నిలవ ఉండకపోతే బూజు పడుతుంది, విషమవుతుంది. 2001లో మనకి పక్కనే ఉన్న ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో టెంక జావ తిని ఆదివాసీలు చనిపోయిన వార్తలు దేశమంతా వచ్చాయి. కాబట్టి పాతకాలంలో అంతా కడుపు నిండా సామలు, కందులు తిన్నారని రాస్తే అది అబద్ధం. అడవి తగ్గి, పోడు తగ్గి, పప్పు సంతకి పోయిన తర్వాత మిగిలిన ఆకలికి ఆ 2 రూపాయల బియ్యం అడ్డుపడింది. అది ప్రాణాలు నిలబెట్టింది.

ఇంకో పక్క కూడా ఉంది. బియ్యం డిపో నుంచి వస్తున్నప్పుడు సామలు దంచడం ఎందుకు? సామల పొట్టు తీయడం మామూలు పని కాదు, ఆడోళ్ళ చేతులు బొబ్బలెక్కేవి. "బియ్యం వచ్చాక రోకలి పక్కన పెట్టాను, ప్రాణం హాయిగా ఉంది" అని మా అనంతగిరి మిత్రుడి నానమ్మే చెప్పింది. ఆ అలసట మనం తక్కువ చేయకూడదు. పని తగ్గింది, దాంతో పాటు విత్తనం కూడా తగ్గింది. రెండేళ్ళు వేయకపోతే ఇంట్లో విత్తనం ఉండదు. పెదబయలు మిత్రుడి ఊళ్ళో ఇప్పుడు కొర్ర కొత్త చేస్తున్నారు కానీ కొర్రలు లేవు. సంతలో కొన్న కొర్రలతో పండుగ చేస్తున్నారు.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా కిలో రూపాయికి ఇవ్వొచ్చని అందులో రాశారు. 2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, అడిగింది మన దేశమే. చిరుధాన్యాలకి "శ్రీ అన్న" అని కొత్త పేరు కూడా పెట్టారు. పేరు పెద్దదైంది. మా నలుగురి ఇళ్ళలో డిపో నుంచి వచ్చేది మాత్రం ఎక్కువగా బియ్యమే.

సిగ్గు ఎక్కడ్నుంచి వచ్చింది

చట్టాలూ సంతలూ చేసినదానికి తోడు మనమే చేసుకున్నది ఒకటుంది. రాయాలంటే ఇబ్బందిగానే ఉంది.

మేం నలుగురం మా ఇళ్ళలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్ళం. మమ్మల్ని చూడ్డానికి వచ్చేటప్పుడు మా అమ్మలు అడ్డాకులో ఏదో ఒకటి కట్టి తెస్తారు. ఫస్టియర్‌లో ఒకసారి అలా తెచ్చిన చోడి తోప, ఉడికిన బొబ్బర్ల మూట మేం గదిలో విప్పలేదు. పక్క గది వాళ్ళు వాసన పడతారని, "అంబలిగాళ్ళు" అంటారని భయం. ఆ మూట మంచం కింద పాడైపోయింది. తర్వాత అందరూ పడుకున్నాక బయట పడేశాం. ఆ అమ్మ ఆ మూట కట్టడానికి ఎన్ని గంటలకి లేచిందో, ఎన్ని బస్సులు మారిందో మాకు తెలుసు. తెలిసే పడేశాం.

ఈ రోజు అదే తిండిని గాజు గిన్నెలో పెట్టి, పైన కొత్తిమీర చల్లితే లైకులు కొడుతున్నాం. తిండి మారలేదు. తినేవాళ్ళు మారితే దాని విలువ మారింది. ఇది అర్థమయ్యాక ఆ హోటల్ వాళ్ళ మీద మాకు పెద్దగా కోపం రాలేదు. మా మీదే వచ్చింది.

ఇప్పుడు వంట

ఇది హాస్టల్ గదిలో, అద్దె గదిలో, ఇంట్లో ఎక్కడైనా చేసుకోవచ్చు. నలుగురికి లెక్క చెబుతున్నాం.

మిగిలిన అన్నం మూడు గ్లాసులు. సామ అన్నమో, కొర్ర అన్నమో అయితే మరీ మంచిది, లేకపోతే మెస్ అన్నమే. ఉడికిన గింజలు గ్లాసున్నర: శనగలు, బొబ్బర్లు, ఉలవలు, కందులు, రాజ్మా ఏవైనా. ఉల్లిపాయ ఒకటి పెద్దది, టమాటా రెండు, పచ్చిమిర్చి రెండు, దొరికితే కీరా ఒకటి. నిమ్మకాయ ఒకటి. ఉప్పు, కొత్తిమీర. వలిసెలు ఉంటే వేయించి దంచిన పొడి రెండు చెంచాలు, లేకపోతే వేరుశనగ గుళ్ళు గుప్పెడు.

అన్నం ముద్దలు లేకుండా చేత్తో విడదీయాలి. గింజల్లో నీళ్ళు పూర్తిగా వార్చేయాలి, లేకపోతే గుజ్జవుతుంది. ఉల్లి, టమాటా, కీరా సన్నగా కోసి కలపాలి. ఉప్పు, నిమ్మరసం తినబోయే ముందే వేయాలి, ముందే వేస్తే నీరు ఊరుతుంది. చివర్లో పొడి చల్లాలి. అంతే. నిమ్మరసం రుచికే కాదు, గింజల్లో ఉన్న ఐరన్‌ని ఒంటికి బాగా పట్టిస్తుంది. రక్తం తక్కువ ఉన్న చెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోండి. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది, ఒక గంట ఆగండి.

జాగ్రత్తలు తప్పకుండా చదవండి. హాస్టల్లో ఫ్రిజ్ ఉండదు. వండిన అన్నం గంటల తరబడి వెచ్చగా వదిలేస్తే అందులో పెరిగే బాక్టీరియా వాంతులు తెప్పిస్తుంది, మళ్ళీ వేడి చేసినా దాని విషం పోదు. అందుకని మధ్యాహ్నం అన్నం రాత్రికి వాడొద్దు. సాయంత్రం గింజలు, రాత్రి అన్నం అయితే అదే పూట కలిపి తినేయండి. ఉడికిన పప్పు గింజలు రాత్రంతా బయట ఉంచొద్దు. జిగురుగా ఉన్నా, వాసన వచ్చినా పడేయండి, మొహమాటం వద్దు. రాజ్మా అయితే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో బాగా మరిగించి మెత్తగా అయ్యేదాకా ఉడికించాలి. సగం ఉడికిన రాజ్మా కడుపుని చాలా ఇబ్బంది పెడుతుంది.

మీ అందరినీ అడిగేది

గిన్నెలో కలుపుకోవడంతో చరిత్ర మారిపోతుందని మేం అనుకోవడం లేదు. పోడు పట్టా రాలేదు, డిపోలో సామలు రాలేదు, ఊళ్ళో విత్తనం లేదు. కానీ విత్తనం ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడో ఒక ఇంట్లో అటక మీద సొరబుర్రలోనో, బూడిద కలిపిన కుండలోనో గుప్పెడు ఉండే ఉంటుంది. దాని గురించి తెలిసిన పెద్దోళ్ళు మాత్రం ఏడాదికి కొంతమంది తగ్గిపోతున్నారు.

అందుకని రెండు పనులు అడుగుతున్నాం. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో, తాతనో అడిగి మీ పోడులో ఏమేం గింజలు వేసేవాళ్ళో, వాటిని మీ భాషలో ఏమంటారో రాసుకు రండి. కువి, సవర, గదబ, పోర్జా, కొండ, కోయ, గోండీ, ఒడియా, ఏ భాష అయినా పర్వాలేదు. కామెంట్లో పెట్టండి, అన్నీ ఒక చోట చేర్చి మళ్ళీ పోస్టు చేస్తాం. ఎవరింట్లోనైనా కొర్ర విత్తనం ఉంటే దయచేసి చెప్పండి. పెదబయలు మిత్రుడి ఊరికి పిడికెడు కావాలి. వచ్చే కొర్ర కొత్త వాళ్ళు సొంత కొర్రలతో చేసుకోవాలని ఉంది.

మా ముందున్న పని మాత్రం మేం మొదలుపెట్టాం. పోయిన వారం ఒకరి అమ్మ వచ్చింది. అడ్డాకు మూట తెచ్చింది. ఈసారి గది మధ్యలో విప్పాం. పక్క గది వాళ్ళని కూడా పిలిచాం. ముగ్గురు వచ్చారు, ఒకడు రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ అమ్మ ఏమీ అనలేదు. ఖాళీ అయిన ఆకు చూసి, "వచ్చేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ తెస్తాను బాబూ" అంది.

జై జోహార్.